మన యిండ్ల కిటికీలు – వాని తెరలు



క్రొత్త యింట కాపురము పెట్టువారు మొదట గోడలకు రంగును, పిదప బల్లలు కుర్చీలును, కట్టకడపట కిటికీలకు గుడ్డయు కొనుట వాడుక. ఆ గుడ్డ కొనునప్పుడైనను “ఇది చూచుటకు బాగున్నదా?” యని యడుగుదురే గాని, “ఇది యీ గదిలో ఏ పని చేయవలెను?” అని యడుగువారు అరుదు. నేడు నేను చెప్పదలచిన పాఠమంతయు ఆ రెండవ ప్రశ్నలోనే యిమిడి యున్నది.

కిటికీ తెర యింటికి నగ కాదు, అది పనిముట్టు. జల్లెడకు ఎట్టి పని కలదో దానికిని అట్టి పనియే కలదు. వెలుతురు, వేడి, గాలి, దుమ్ము, దోమ, పరుల చూపు – ఈ యాఱును కిటికీగుండ లోనికి వచ్చుచుండును. వీనిలో దేనిని రానీయవలెను, దేనిని ఆపవలెను, దినములో ఏ వేళ ఆపవలెను అని తెలిసికొనుటయే తెరను ఎన్నుకొనుట. గుడ్డ యొక్క రంగు, పువ్వులు, వెల అను మాటలు తరువాత రావలసినవి.

ఈ సంగతిని నేను పుస్తకములో చదివి నేర్చుకొనలేదు. నా తప్పువలన నేర్చుకొంటిని. కనుక ఆ తప్పునే మొదట చెప్పెదను.

ఒక వేసవి మధ్యాహ్నము

నాకు వివాహమైన క్రొత్తలో మేము బొల్లారములో ఒక చిన్న అద్దె యింట నుంటిమి. ముందుగది ఉత్తరముగా నుండెను. వారమునకొక సాయంకాలము సంఘస్త్రీలు ప్రార్థనకు వచ్చెడివారు గనుక, ఆ గదికి ముదురెఱ్ఱని మఖమలు తెరలు కుచ్చులతో కుట్టించితిని. నా రెండు నెలల పొదుపు వానికే సరిపోయెను. పడమటి వైపు గదిలో మా మామగారు పండుకొనెడివారు. ఆ కిటికీకి మిగిలిన డబ్బుతో సన్నని తెల్ల జాలీగుడ్డ కట్టితిని. ఆ గది ఎవరికిని కనబడదు గదా యని నా తలంపు.

ఏప్రిలు నెలలో ఒకనాడు వార్షిక పరీక్షలు ముగించుకొని మూడు గంటలకు ఇంటికి వచ్చితిని. మామగారు మంచముమీద నుండిరి. మొగము ఎఱ్ఱబారి యుండెను, ఒడలు కాలుచుండెను, చెమట లేదు, పిలిచినచో మాట తడబడుచుండెను. ఎండ కిటికీగుండ తిన్నగా వచ్చి మంచముపై సగము మేర పడుచుండెను. తడిగుడ్డలతో ఒడలు తుడిచి, విసరుచు, ఇరుగుపొరుగువారి సహాయమున ఆసుపత్రికి చేర్చితిమి. వడదెబ్బ యనియు, మఱియొక గంట ఆలస్యమైనచో ప్రాణమునకే మోసము వచ్చి యుండెడిదనియు వైద్యుడు చెప్పెను. దేవుని కృపవలన ఆయన నాలుగు దినములలో కోలుకొని యిల్లు చేరిరి.

ఆయన నన్ను ఒక్కమాటయు అనలేదు. మఱునాడు నేను ముందుగది మఖమలు తెరను విప్పి తెచ్చి ఆ పడమటి కిటికీకి లోపల కట్టుచుండగా చూచి, “అమ్మా, లోపల కాదు, బయట కట్టవలెను. ఆ గోనెపట్టా తడిపి బయట వ్రేలాడదీయుము,” అనిరి. చిన్నతనమున ఆయన ఈ కంటోన్మెంటులోని యొక బంగళాలో వేసవి నెలలయందు వట్టివేళ్ల తడికలమీద నీళ్లు చల్లు పనికి కుదిరి యుండిరట! చల్లదనమెట్లు తేవలెనో మా యింటిలో అందఱికంటె బాగుగా తెలిసినవారు ఆయనయే. ఆ గదిలో నివసించువారును ఆయనయే. అయినను తెర కొనునప్పుడు ఆయనను నేను ఒక్క ప్రశ్నయు అడిగి యుండలేదు.

మొదటి సంగతి – కిటికీ ఏ దిక్కున నున్నది?

గుడ్డల దుకాణమునకు పోవుటకు ముందు చూడవలసినది సూర్యుని నడక. బొల్లారము భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 17½ డిగ్రీల అక్షాంశమున నున్నది. సూర్యుడు ఎల్లకాలమును ఒకే త్రోవన నడవడని మీరు భూగోళ పాఠములో చదివితిరి. మే రెండవ వారమునకు సమీపమున సూర్యుడు మధ్యాహ్నము మన నడినెత్తికి వచ్చును. అప్పటి నుండి ఆగస్టు మొదటి వారము వరకు మధ్యాహ్నపు సూర్యుడు మనకు కొంచెము ఉత్తరముగా నుండును. డిసెంబరు 21వ తేదీ ప్రాంతమున మధ్యాహ్న సూర్యుడు దక్షిణమున సుమారు 49 డిగ్రీల యెత్తున మాత్రమే నిలుచును.

దీనినిబట్టి నాలుగు దిక్కుల కిటికీల స్వభావము తేటపడును.

తూర్పు కిటికీకి ఉదయపు టెండ వచ్చును. చలికాలమున అది మేలు. వేసవిలో ఎనిమిది గంటల తరువాత దానిని మఱుగుపఱచవలెను.

దక్షిణపు కిటికీ మనకు మిత్రుడు. వేసవిలో సూర్యుడు నడినెత్తిన నుండును గనుక, పైన రెండడుగుల చూరు గాని సజ్జ గాని యున్నచో మధ్యాహ్నపు టెండ లోనికి రాదు. చలికాలమున సూర్యుడు వాలియుండును గనుక వెచ్చని యెండ తనంతట తాను వచ్చును. దీనికి పలుచని తెర చాలును.

ఉత్తరపు కిటికీకి ఏడాదిలో ఎక్కువ భాగము ఎండలేని నిలుకడయైన వెలుతురు వచ్చును. మే, జూన్, జూలై నెలలలో మాత్రము ఉదయ సాయంకాలముల ఏటవాలు ఎండ కొంత తగులును.

పడమటి కిటికీ వేసవిలో మనకు శత్రువు. మూడు గంటల తరువాత సూర్యుడు క్రిందికి దిగి, ఏ చూరును, ఏ సజ్జయు ఆపలేనట్లు, ఎదురుగా నిలిచి లోపలికి చూచును. అప్పటికే గాలియు, గోడలును, కాంక్రీటు కప్పును కాగి యుండును. ఏప్రిలు, మే నెలలలో ఇచ్చట ఉష్ణము 40 డిగ్రీలు దాటు దినములు కలవు. కనుక ఇంటిలో తెరకొఱకు ఖర్చుపెట్టదలచిన డబ్బులో మొదటి రూపాయి పడమటి కిటికీది. నేను దానిని ఉత్తరపు కిటికీకి ఇచ్చితిని. అదియే నా తప్పు.

రెండవ సంగతి – లోపలి తెరయా, వెలుపలి తెరయా?

మామగారు “బయట కట్టుము” అని యేల చెప్పిరి? ఇందులో ప్రకృతిశాస్త్రము కలదు. ఎండ అద్దముగుండ సులభముగా లోనికి వచ్చును. అది తెరను, నేలను, మంచమును తాకి వానిని వేడి చేయును. వేడెక్కిన ఆ వస్తువులు తిరిగి విడుచు వేడికిరణములు మఱియొక జాతివి. అవి అద్దముగుండ తిన్నగా వెలుపలికి పోజాలవు. అనగా ఎండకు ప్రవేశద్వారమే గాని నిష్క్రమణద్వారము లేదు. ఎండలో మూసియుంచిన మోటారుకారు లోపల పొయ్యివలె కాగుటకు కారణమిదియే. లోపల కట్టిన తెర ఎండ కంటికి తగులకుండ చేయును. తానైన వేడి నంతయు గదిలోనికే విడుచును. ముదురు రంగుదైనచో మఱింత విడుచును. వెలుపల కట్టిన తెర యట్లుగాక ఎండ అద్దమును తాకకమునుపే దాని నడ్డగించి, ఆ వేడిని బయటి గాలికే విడుచును.

కావున పడమటి కిటికీకి వెలుపల వెదురు తడికయో, ఈతచాపయో, మందమైన గోనెయో, పందిరిమీద ప్రాకు తీగయో యుండవలెను. బహుళ అంతస్తుల యిండ్లలో నున్నవారు బాల్కనీలో చుట్టబెట్టుటకు వీలైన వెదురు తెరను వ్రేలాడదీయవచ్చును. గాలికి ఊడి క్రింద నడుచువారిమీద పడకుండ దానిని పైనను క్రిందను గట్టిగా కట్టవలెను. వెలుపల ఏమియు కట్టుటకు వీలులేనివారు లోపలి తెరకు అద్దము వైపున తెల్లని అస్తరు వేయింపుడు. తెలుపు ఎండలో కొంత భాగమును అద్దముగుండనే వెనుకకు పంపును.

తడిపిన తడిక మఱింత మేలు. నీరు ఆవిరియగుటకు వేడి కావలెను. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయుటకు 1 కేలరీ చాలును. అదే గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కేలరీలు కావలెను. ఈ వేడిని నీరు తనగుండ వచ్చు గాలినుండి తీసికొనును. కనుక గాలి చల్లబడి లోనికి వచ్చును. వట్టివేళ్లయందు గాలి దూరుటకు సందులును, నీటిని పట్టియుంచు గుణమును, తడిసినప్పుడు సువాసనయు కలవు గనుక పూర్వులు వాని నెన్నుకొనిరి. నేటి ఎయిర్ కూలర్ ఈ తడికకే విసనకఱ్ఱ తగిలించిన యంత్రము. అయితే యొక మాట: గాలి పొడిగా నున్నప్పుడే నీరు త్వరగా ఆవిరియగును. మన బొల్లారపు ఏప్రిలు, మే నెలల పొడిగాలికి ఇది తగును. వానకాలమున గాని, మచిలీపట్టణము వంటి సముద్రతీరమున గాని తడి తడిక ఉక్కను పెంచును.

పరిశుద్ధ గ్రంథము చదువువారికి ఈ లోపలి వెలుపలి భేదము క్రొత్తది కాదు. నిర్గమకాండము 26వ అధ్యాయములో ప్రత్యక్షపు గుడారమునకు చేయవలసిన తెరల వివరము కలదు. సన్నపు నారతో చిత్రమైన పనిగల తెరలు పది, ఒక్కొక్కటి 28 మూరల పొడవు, 4 మూరల వెడల్పు, వానిపైన మేకవెండ్రుకల తెరలు పదునొకండు, ఒక్కొక్కటి 30 మూరల పొడవు, వానిపైన తోళ్లు. సొగసైనది లోపలను, మోటుదనము గలది వెలుపలను ఉండెను. అరణ్యపు టెండకు, దుమ్మునకు ఎదురు నిలుచునది మేకవెండ్రుకయే గాని సన్నపునార గాదు. ఏ గుడ్డ యే పనికి తగునో అదియే ఆ చోటున నుండెను.

మూడవ సంగతి – గది గదికి తగిన తెర

ముందుగది. ఇచ్చట కావలసినది వెలుతురు. ఆపవలసినది వీధివారి చూపు. పగలు బయట వెలుతురెక్కువ, లోపల తక్కువ. కనుక పలుచని తెల్ల నూలుగుడ్డ కట్టినను బయటివారికి లోపల కనబడదు. మనకు మాత్రము బయట కనబడుచుండును. దీపము వెలిగించిన పిమ్మట ఇది తలక్రిందులగును. పలుచని తెర వెనుక నున్న మనము బొమ్మలాటలోని బొమ్మలవలె వీధికి కనబడుదుము. నమ్మనివారు నేటి రాత్రి వీధిలో నిలిచి తమ యింటిని తామే చూడవచ్చును. కావున ముందుగదికి రెండు తెరలు మేలు: పగటికి పలుచనిది, రాత్రికి దళసరిది. రెండు కొనుటకు స్తోమత లేనివారు నడితరపు మందముగల నూలుగుడ్డ నొక్కదానిని కట్టి, పగలు ప్రక్కకు తీసియుంచవచ్చును.

పడకగది. నిద్రకు చీకటి కావలెను. కంటికి వెలుతురు తగులుచున్నంతవఱకు నిద్రకు తోడ్పడు మెలటోనిన్ అను రసము మన శరీరములో తక్కువగా ఊరును. నేడు వీధిదీపములు తెల్లవారుదాక మన కిటికీలలోనికి చూచుచున్నవి. కావున పడకగదికి అస్తరుగల దళసరి తెర తగును. అయితే తెల్లవారగానే దానిని పూర్తిగా తొలగించుట ఇంటివారి మొదటి పని కావలెను. ఉదయపు వెలుతురు మెలకువనిచ్చును. గాలి రాత్రి ఊపిరుల ఉక్కను వెడలగొట్టును.

చదువుకొను చోటు. ఎండ తిన్నగా పుస్తకముపై పడినచో కన్నులు చెదరును. కంప్యూటరు తెరపై పడినచో అక్షరములు కనబడవు. అట్లని కిటికీని మూసి దీపము వెలిగించుట తెలివి గాదు. పలుచని తెల్ల తెర ఎండను చెదరగొట్టి గదియంతట పఱచును. కుడిచేతితో వ్రాయువారికి వెలుతురు ఎడమవైపునుండి రావలెను. లేనిచో చేతినీడ కాగితముపై పడును. ఎడమచేతివారికి కుడివైపునుండి రావలెను. పువ్వులు, గడులు గల గుడ్డ పిల్లవాని చూపు నాకర్షించును గనుక ఇచ్చట సాదాగుడ్డయే మేలు. వేఱుగా చదువుగది లేని యిండ్లే మనలో పెక్కు. అట్టి యింట ఒక కిటికీ ప్రక్క మూడడుగుల చోటు పిల్లలకు విడిచినను చాలును.

వంటగది. ఇచ్చట గాలియే ముఖ్యము. పొయ్యికి దగ్గఱనున్న కిటికీకి గుడ్డ కట్టనే కూడదు. ఫ్యాను గాలికి ఎగిరిన తెర మంటను తాకుట కన్నుమూసి తెఱచునంత పని. నూలుగుడ్డ మండును, పాలియెస్టరు కరగి చర్మమునకు అంటుకొనును. పొయ్యికి దూరముగా నున్న కిటికీకి క్రింది సగము మాత్రము చిన్న నూలు తెర కట్టి, పై సగము పొగయు ఆవిరియు పోవుటకు విడువవలెను. జిడ్డు పట్టును గనుక వారమున కొకసారి ఉతుకుటకు వీలైనదై యుండవలెను. మన బొల్లారములో 1860వ సంవత్సరమున కట్టబడిన భవనము, నేటి రాష్ట్రపతి నిలయము, 2023 మార్చి నెలలో ప్రజల సందర్శనమునకు తెఱవబడినది. అచ్చట వంటశాల భోజనశాలకు దూరముగా వేఱే కట్టబడి, రెంటికిని నడుమ భూమిలో సొరంగమార్గ మున్నది. వంటయింటి వేడియు, పొగయు, వాసనయు నివాసపు గదులకు రాకుండుటకు పూర్వము అట్టి భవనములలో అంత పాటుపడెడివారు. మనకు సొరంగము లేదు గాని కిటికీ కలదు. దానిని గుడ్డతో మూయకుండిన చాలును.

స్నానపు గది. ఇచ్చట గుడ్డ తడిసి బూజుపట్టును. మసకటద్దము గాని, అద్దమునకు అంటించు మసక కాగితము గాని మేలు. అది వెలుతురును రానిచ్చును, చూపును రానీయదు. 1847వ సంవత్సరపు బొల్లారము హోలీ ట్రినిటీ దేవాలయములో రంగుటద్దముల కిటికీలను మీరు చూచియుందురు. వెలుతురు నాపక చూపు నాపుటలో ఆ రంగుటద్దమును, ఈ మసకటద్దమును చేయు పని యొకటే.

రోగులును, వృద్ధులును ఉండు గది. ఫ్లారెన్సు నైటింగేల్ 1859లో రోగిసేవనుగూర్చి వ్రాసిన గ్రంథములో, రోగికి స్వచ్ఛమైన గాలి తరువాత వెలుతురే ముఖ్యమని నొక్కి చెప్పెను. మనమైతే జబ్బుపడినవారి గదిని మొదట చీకటి చేయుదుము. ఈ గది తెర మంచమునుండి లేవకయే జరుపుకొనుటకు వీలైనదై, తేలికయై, తఱచుగా ఉతుకదగినదై యుండవలెను. మఖమలు, ఉన్నివంటి దళసరి గుడ్డలలో దుమ్మును, దుమ్ములోని కంటికానరాని పురుగులును చేరి ఉబ్బసమును రేపును. ఉబ్బసమున్నవారి గదిలో తెరలను నెలకొకసారి వేడినీటిలో ఉతికి ఎండవేయుడు.

నాల్గవ సంగతి – దోమ

తెర ఎంత దళసరిదైనను దోమ నాపజాలదు. అది అంచుల సందున దూరును. ఈ మాట సికింద్రాబాదువారికి ఇతరులు చెప్పనక్కఱలేదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, మనకు కొలది మైళ్ల దూరమున నున్న బేగంపేటలో, డాక్టరు రోనాల్డు రాస్ అనాఫిలీస్ జాతి దోమను సూక్ష్మదర్శినిక్రింద కోసి చూచి, దాని కడుపు గోడలో మలేరియా క్రిమిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము ఈయబడెను. చెడుగాలివలన జ్వరము వచ్చునని భయపడి కిటికీలు మూసికొను కాలము అంతటితో గతించవలసినది. మూయవలసినది గాలిని గాదు, దోమనే.

దీనికి అంగుళమునకు 16 మొదలు 18 రంధ్రములుగల వలను చట్రమునకు బిగించి కిటికీకి అమర్చవలెను. మలేరియా దోమ సాధారణముగా రాత్రి కఱచును. డెంగ్యూ జ్వరమును తెచ్చు దోమ పగలు కఱచును. కావున వల రేయింబగళ్లు ఉండవలసినది. వలకు దుమ్ము పట్టినచో గాలి రాదు. పదునైదు దినముల కొకసారి తడిగుడ్డతో తుడువవలెను. తెరకును వలకును గల డబ్బు ఒకదానికే చాలునట్లున్నచో, వలనే ముందు కొనుడు. తెరకు పాతచీర చాలును. వలకు బదులు మఱియొకటి లేదు.

అయిదవ సంగతి – గుడ్డయు, కొలతయు

ఎండ తగులు కిటికీకి పట్టు పనికిరాదు; ఎండలో అది చివుకును. ముదురు రంగులు వెలిసిపోవును. పెడన కలంకారీ గుడ్డలు మిక్కిలి సొగసైనవి గాని, మొక్కలనుండి తీసిన రంగులు తీక్షణమైన ఎండకు నిలువవు. వానిని ఉత్తరపు కిటికీకి కట్టుడు. పోచంపల్లి ఇక్కత్తు గుడ్డలో నూలునకు ముందుగనే రంగులద్ది పిదప నేయుదురు గనుక బొమ్మ రెండు ప్రక్కలను ఒకే తీరుగా కనబడును. కావున లోపలనుండియు, వీధినుండియు చూడబడు ముందుగది కిటికీకి అది మిక్కిలి తగినది. నేతపనివారి గుడ్డ కొనుట మన పొరుగువారికి కూడు పెట్టుట యనియు మఱువకుడు.

ఇక లెక్క. కిటికీ నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు అనుకొందము. కడ్డీ కిటికీకి ఇరుప్రక్కలను ఆఱేసి అంగుళములు మించవలెను. అట్లయిన తెర తీసినప్పుడు గుడ్డ గోడమీదికి జరిగి అద్దము పూర్తిగా తెఱచుకొనును. కనుక కడ్డీ 60 అంగుళములు. మడతలు అందముగా పడుటకును, సందులు లేకుండుటకును గుడ్డ వెడల్పు కడ్డీకి ఒకటిన్నర మొదలు రెండు రెట్లుండవలెను. అనగా 90 మొదలు 120 అంగుళములు. పొడవు: కిటికీ 48, పైన 6, క్రింద 6, వెరసి 60 అంగుళములు. పై మడతకు 3, క్రింది మడతకు 5 కలుపగా 68. నూలుగుడ్డ ఉతికిన కుంచించుకొని పోవును గనుక మఱి 4 చేర్చినచో 72 అంగుళములు, అనగా 2 గజములు. సెంటీమీటర్లలో సుమారు 183.

ఇప్పుడు వింత చూడుడు. మన నూలుచీర 6 గజముల పొడవు, సుమారు 45 అంగుళముల పన్న. దానిని మూడు తునకలు చేసినచో ఒక్కొక్కటి సరిగా 2 గజములు! మూడింటి పన్నలు కలిసి 135 అంగుళములు. మూడవ తునకను నిలువున రెండుగా చీల్చి తక్కిన రెంటికి అతికినచో, అతుకులకును అంచులకును పోగా రెండు రెక్కల పూర్తి తెర యగును. అమ్మ కట్టి విడిచిన యొక నూలుచీర యొక కిటికీకి చాలును. చీరను ముందుగా వెలుతురునకు ఎదురుగా పట్టి చిరుగులు చూచికొనుడు. దుకాణపు తెర కొనలేమని చిన్నబుచ్చుకొను విద్యార్థినులు ఈ లెక్కను జ్ఞాపకముంచుకొందురు గాక.

ఒక హెచ్చరిక. నేడు పెక్కు యిండ్లలో త్రాడులాగి ఎత్తు పలకల తెరలు వచ్చినవి. ఆ వ్రేలాడు త్రాడు మెడకు చుట్టుకొని పసిపిల్లలు మరణించిన సంగతులు లోకమున పెక్కు జరిగినవి. అమెరికాలో 2018 నుండి దుకాణములలో సిద్ధముగా అమ్ము తెరలు త్రాడు లేనివిగా గాని, బిడ్డకు త్రాడందనివిగా గాని చేయవలెనని తయారీదారుల నియమమేర్పడినది. పసిపిల్లలున్న యింట త్రాడును నేలనుండి అయిదడుగులకు పైన కొక్కెమునకు చుట్టి యుంచుడు. ఉయ్యాలను గాని, ఎక్కదగిన కుర్చీని గాని కిటికీ ప్రక్కన ఉంచకుడు.

ముగింపు

విద్యార్థులారా, తెర కొనుటకు ముందు చేయవలసిన పని యొకటే. సెలవుదినమున ఒక కాగితము పెన్సిలు తీసికొని, మీ యింట ప్రతిగదిలోను ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము, దీపము వెలిగించిన పిదప కొంతసేపు కూర్చుండుడు. ఎండ ఎచ్చట పడుచున్నదో, గాలి ఎటు వచ్చుచున్నదో వ్రాసికొనుడు. ఆ గదిలో నివసించువారిని అడుగుడు. ముఖ్యముగా మాట తక్కువగా మాటాడువారిని – తాతను, అవ్వను, జబ్బుపడినవారిని, చంటిబిడ్డ తల్లిని – అడుగుడు. అతిథి ముందుగదిలో గంటసేపు కూర్చుండి వెడలిపోవును. వెనుకగదిలో నున్నవారు మన ప్రేమను దినమెల్ల అనుభవించవలసినవారు.

మా మామగారు ఆ పిమ్మట తొమ్మిది వేసవులు మాతో నుండిరి. ప్రతి ఏప్రిలులోను ఆ పడమటి కిటికీకి వెలుపల తడికను తామే కట్టి, మూడు గంటలకు నీళ్లు చల్లెడివారు. ఎఱ్ఱ మఖమలు తెరను నేను రెండు దిండ్లకు గలీబులుగా కుట్టితిని. ఒక దిండు ఇప్పటికిని మా యింట నున్నది. ఎవరైనను దానిని మెచ్చుకొన్నప్పుడు ఈ పాఠము చెప్పుచుందును.

అభ్యాసము

1. మీ యింట పడమటి కిటికీ ఏ గదిలో నున్నది? వేసవిలో ఆ గదిలో ఎవరుందురు?

2. తడిపిన వట్టివేళ్ల తడిక ఏప్రిలులో చల్లదనము నిచ్చి, ఆగస్టులో ఉక్కను పెంచుటకు కారణమేమి?

3. 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తుగల కిటికీకి, 45 అంగుళముల పన్నగల గుడ్డ ఎన్ని గజములు కావలెను? వెడల్పునకు ఒకటిన్నర రెట్లు చాలుననుకొని, తునకలు పూర్తివిగా లెక్కింపుడు.

4. పగలు పలుచని తెరగుండ బయటివారికి మనము కనబడక, రాత్రి కనబడుటకు కారణము వ్రాయుడు.

5. మీ యింట అందఱికంటె పెద్దవారిని, వారి గది కిటికీనిగూర్చి అడిగి, వారు చెప్పినదానిని పది పంక్తులలో వ్రాసి తీసికొని రండు.